ఆర్డినెన్సు ఫ్యాక్టరీ



కిందటి నెలలో ఒక శనివారము కుటుంబ ప్రార్థన ముగించుకొని ఆ ఇంటి అరుగు మీద కూర్చొని ఉండగా, మా సంఘ పెద్ద ఒకాయన దినపత్రిక చేతబట్టుకొని మమ్మును ఇట్లడిగారు. "అయ్యగారూ, గవర్నమెంటోళ్లు ఆర్డినెన్సు తెచ్చారని ఈ పక్క రాసుండాది. ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో ఉద్యోగాలని ఆ పక్క రాసుండాది. అంటే ఈ చట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ గూడా ఒకటుండాదా ఏంది?"

అక్కడున్న వారందరు నవ్వారు. మేమును నవ్వాము గాని మా నవ్వు సగములోనే ఆగిపోయినది. ఆ ఆగిపోవుటకు కారణమొకటి ఉన్నది. దానిని తరువాత చెప్పెదము. ముందుగా పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ఎందుకనగా అది నవ్వి విడిచిపెట్టవలసిన ప్రశ్న కాదు. తప్పు ఆయనది కాదు, పత్రికవారిది.

ఇంగ్లీషులో ఇవి రెండు వేరు వేరు మాటలు. ప్రభుత్వము తెచ్చేది ఆర్డినెన్సు. ఓ, ఆర్, డి, ఐ, ఎన్, ఏ, ఎన్, సి, ఇ అని తొమ్మిది అక్షరములు. ఫ్యాక్టరీకి ఉన్న పేరు ఆర్డ్‌నెన్సు. దానిలో ఎనిమిదే అక్షరములు. డి తరువాత ఐ అక్షరము ఉండదు. అంతే తేడా. ఐ ఉంటే ఆజ్ఞ, శాసనము. ఐ లేకపోతే ఫిరంగులు, తుపాకి గుండ్లు, యుద్ధ సామగ్రి. పత్రికలవారు రెంటినీ ఆర్డినెన్సు అనే అచ్చువేయుచున్నారు. వారినీ మరీ తప్పుపట్టలేము. ర, డ, న మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే మన తెలుగు నాలుకకు ఆడదు. రత్నమును రతనము అన్నవారము, స్కూలును ఇస్కూలు అన్నవారము, ముందో నడుమనో ఒక అచ్చు చేర్చుకొని ఊపిరి పీల్చుకుంటాము. అట్లు చేర్చుకున్న ఆ చిన్న 'ఇ' కారమే ఫిరంగిని తీసుకొని వెళ్లి శాసనము ప్రక్కన కూర్చోబెట్టినది.

నిజమునకు ఈ రెండు మాటలు ఒక తల్లి పిల్లలే. లాటిను భాషలో ఓర్డో అంటే వరుస, క్రమము. మనము హోటలులో కాఫీకి చెప్పే ఆర్డరు కూడ అందులోనుండి వచ్చినదే. క్రమములో పెట్టుట, ఏర్పాటు చేయుట అనే అర్థముతో పాత ఇంగ్లీషులో ఒకే మాట ఉండేది. రాజు చేసిన ఏర్పాటు అదే, యుద్ధమునకు సిద్ధపరచిన సరంజామా కూడ అదే. సుమారు పదిహేడవ శతాబ్దమునకు సరంజామా మాటలో ఐ రాలిపోయి వేరు కాపురము పెట్టినది. ఫ్రెంచివారు ఇప్పటికీ డాక్టరు వ్రాసిచ్చే మందుల చీటీని ఆర్డొనాన్సు అంటారు. ఇంగ్లండులో దేశపటములు వేసే సర్కారు సంస్థ పేరు ఆర్డ్‌నెన్సు సర్వే. పటములకు ఫిరంగులతో ఏమి పని అనుకొనవద్దు. 1791లో ఆ పని మొదలుపెట్టినది ఫిరంగుల శాఖవారే.

ఇక ఐ ఉన్న ఆర్డినెన్సు సంగతి. మన పల్లెలలో యాభై దాటిన వారికి ఇది క్రొత్త మాట కాదు. 1984 జనవరి 6న అప్పటి రాష్ట్ర ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు తెచ్చి కరణము, మునసబు ఉద్యోగములను ఒక్క కలముపోటుతో తీసివేసినది. అప్పుడు ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రి. తాతల నాటినుండి ఒకే ఇంటిలో ఉన్న అడంగలు, చిట్టాలు ఆ ఇంటి గడప దాటినవి. కొన్ని ఇండ్లలో ఏడ్పులు, కొన్ని వీధులలో సంతోషము. సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1985లో కోర్టువారు ప్రభుత్వము చేసినది చెల్లుతుందని తీర్పు ఇచ్చారు, అదే సంవత్సరము దానికి చట్టము కూడ వచ్చినది. ఇంకా వెనుకకు పోతే 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు ప్రభుత్వపరమైనది కూడ ఆర్డినెన్సుతోనే.

శాసనసభ కూర్చొని లేనప్పుడు, ఆగడానికి వీలులేని పని పడితే, రాష్ట్రములో గవర్నరు, దేశములో రాష్ట్రపతి మంత్రివర్గము సలహాపై ఇచ్చే తాత్కాలిక శాసనమే ఆర్డినెన్సు. రాజ్యాంగములో 213వ, 123వ అధికరణములు చూడవచ్చును. సభ మరల కూడిన తరువాత ఆరు వారములలోపు సభ దానిని చట్టము చేయకపోతే అది దానంతటదే చచ్చిపోతుంది. కొందరు పాలకులు చచ్చినదానిని మరల మరల లేపినారు. బీహారులో 1967కు 1981కి మధ్య 256 ఆర్డినెన్సులు తెచ్చి వాటిలో కొన్నిటిని ఏండ్ల తరబడి నడిపించినారు. 1986లో సుప్రీంకోర్టు, ఇది రాజ్యాంగమును మోసపుచ్చుటయేనని గట్టిగా చెప్పవలసి వచ్చినది.

మనవంటి బాప్తిస్టు సంఘములలో ఈ మాటకు ఇంకొక అర్థము కూడ గలదు. బాప్తిస్మము, ప్రభువు బల్ల, ఈ రెంటిని మన ఇంగ్లీషు పుస్తకములలో ఆర్డినెన్సులు అని వ్రాస్తారు. లూథరను వారు, సి.ఎస్.ఐ. వారు సేక్రమెంటు అంటారు. తెలుగులో అందరము సంస్కారము అనే మాటతో సర్దుకున్నాము గనుక ఈ భేదము మనకు కనబడదు. ప్రభువు ఆజ్ఞాపించెను గనుక చేయుచున్నాము అనే భావము ఆర్డినెన్సు మాటలో ఉన్నది. మన తెలుగు బైబిలులో ఆ భావమునకు కట్టడ అనే మంచి మాట ఉన్నది. ఈ కాలపు పిల్లలు కట్టడ అంటే బిల్డింగు అనుకుంటారు. అది కట్టడము. 2020లో కరోనా వచ్చినప్పుడు విన్నది కట్టడి. కట్టడ, కట్టడము, కట్టడి. ఇంగ్లీషువారి తికమకకు మనము మరీ నవ్వనవసరము లేదు.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరమున, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినములో 2222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీ పిల్లలు సండేస్కూలులో విన్నదే. దానికి ముందు సంగతి తక్కువ మందికి తెలుసు. 1876నుండి 1878 వరకు పెద్ద కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. ఆ కాలములో బాప్తిస్మము అడిగినవారు చాలమంది ఉండినా ఆయన ఇవ్వలేదు. కూలి కొరకు, గంజి కొరకు అడిగారని రేపు ఎవరూ అనకూడదని ఆపివేశారు. సహాయము ఆగిపోయిన తరువాతనే నీళ్లు తెరిచారు. ఆ దినమున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరి చొప్పున నీళ్లలో నిలువబడి వంతులవారీగా ఇచ్చారు. కట్టడను పాటించుటలో ఆపుట కూడ ఉన్నదని ఆయనకు తెలిసినది. అది మాకు ఎప్పుడూ ఆశ్చర్యము.

ఐ లేని ఆర్డ్‌నెన్సు కూడ మన ప్రాంతమును తాకకుండా పోలేదు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు, మందుగుండు రహస్యముగా కూడబెట్టినట్లు కుంపిణీవారు పట్టుకున్నారు. నవాబు గద్దె పోయినది. ఆ కుట్రలో పాలున్నదని మన ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను చెంగల్పట్టుకు పంపి నిర్బంధములో ఉంచారు, జాగీరు కుంపిణీ పాలైనది. మన ఉదయగిరి దుర్గము క్రింద ఈ రెండవ మాట చేసిన పని ఇది.

మన దేశములో ఈ ఫ్యాక్టరీలకు మొదలు కలకత్తా దగ్గర కాశీపూరు. 1801లో అక్కడ ఫిరంగి బండ్ల కార్ఖానా పెట్టారు. మన తెలుగువారికి దగ్గరిది మెదకు పేరుతో ఉన్న ఎద్దుమైలారము ఫ్యాక్టరీ, ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 1984 జూలైలో ఇందిరా గాంధీగారు దానికి పునాదిరాయి వేశారు. సైనికులను ఎక్కించుకొని గొలుసు చక్రముల మీద నడిచే సారథ్ బండ్లు అక్కడ తయారవుతాయి. జనవరిలో కరణముల ఆర్డినెన్సు, జూలైలో ఆర్డ్‌నెన్సు ఫ్యాక్టరీ, రెండూ ఒకే సంవత్సరము!

ఈ రెండు మాటలు ఒకే వార్తలో ఢీకొన్న సందర్భము కూడ ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఈ ఫ్యాక్టరీల బోర్డును రద్దుచేసి, 41 ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీయ నిర్ణయించినది. కార్మిక సంఘములు సమ్మె చేస్తామన్నవి. జూన్ 30న సమ్మెను నిషేధించుచు ఆర్డినెన్సు వచ్చినది. అనగా ఆర్డ్‌నెన్సు ఫ్యాక్టరీల మీద ఆర్డినెన్సు! ఆగస్టులో అది చట్టమైనది, అక్టోబరు 1నుండి కంపెనీలు వచ్చినవి. తెలుగులో ఈ వార్త చదివినవాడు ఏమి అర్థము చేసుకొని ఉండునో మేము ఊహించలేము. పేపరు పట్టుకున్న మా పెద్దాయనకు ఇంతవరకు చెప్పాము. ఆయన తల ఊపి, "ఒక్క అక్షరానికి ఇంత కథ ఉండాదా" అని లేచి వెళ్లారు.

మా నవ్వు ఆగిన కారణము ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాము.

ఇరవై రెండేండ్ల క్రిందట మేము బైబిలు స్కూలులో డిప్లొమా ముగించుకొని కలిగిరి ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినాము. ఊరిలో ఇంగ్లీషు వచ్చినవాడు పాస్టరుగారే అని జనుల నమ్మకము. బ్యాంకు కాగితములు, పింఛను అర్జీలు, పొగాకు వేలము దగ్గరనుండి వచ్చిన చీట్లు, అన్నీ మా దగ్గరకే. మాకు అది కొంచెము గర్వముగానే ఉండేది, దాచిపెట్టుట ఎందుకు.

ఒక దినము సంఘములోని ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు. మూడెకరముల మెట్ట, వానపడితే పొగాకు, లేకపోతే ఇతరుల బ్యారను దగ్గర కూలి. కుమారుడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు ముగించినాడు. హైదరాబాదులోని బంధువు ఒక ఇంగ్లీషు పేపరు ముక్క కత్తిరించి పంపినాడు. వేరే రాష్ట్రములోని ఒక ఆయుధ కర్మాగారములో ఫిట్టర్లు కావలెను. వయసు పరిమితి చూస్తే ఆ తమ్మునికి అదే చివరి అవకాశము, ఇంకొక ఏడు దాటితే అర్హత లేదు. "మా వోడికి మీరే రాసిపెట్టండయ్యా. మీ చెయ్యి మంచిది" అన్నాడు ఆ తండ్రి.

దరఖాస్తు వ్రాశాము. ఫీజుకు డిమాండు డ్రాఫ్టు తీయవలెను. బ్యాంకు కాగితము మీద ఎవరి పేరున అన్న చోట మేము ఫ్యాక్టరీ పేరు వ్రాయుచుండగా ఆ తమ్ముడు మా భుజము మీదుగా చూచి, మెల్లగా, "అయ్యగారూ, పేపర్లో ఇక్కడ ఐ లేదు గదా" అన్నాడు.

మేము పేపరు ముక్క చూచినాము. నిజమే, ఐ లేదు. బైబిలు స్కూలులో రెండేండ్లు బాప్తిస్మము గురించి, ప్రభువు బల్ల గురించి చదివి ఆ మాటను పరీక్షలలో ఎన్నిసార్లు వ్రాసినామో. ఇది మా సొంత మాట. మాకు తెలియనిదా? "అచ్చుతప్పు తమ్ముడూ. పేపరువాళ్లు ఒక అక్షరము మింగేశారు" అని చెప్పి, డ్రాఫ్టు కాగితములో, దరఖాస్తులో, కవరు మీద, మూడు చోట్లా ఐ పెట్టి దిద్దినాము. బ్యాంకులో గుమాస్తా మేము వ్రాసినట్లే టైపు చేసి ఇచ్చాడు.

ఇరవై దినముల తరువాత కవరు తిరిగి వచ్చినది. డ్రాఫ్టు మీద పేరు సరికాదని చిన్న చీటీ జతచేసి ఉన్నది. గడువు అప్పటికే దాటిపోయినది. ఆ సాయంకాలము శంకరనారాయణగారి నిఘంటువు తీసి చూచినాము. ఏ నిఘంటువులోనైనా మొదట ఆర్డినెన్సు వస్తుంది, కొంచెము క్రిందికి ఆర్డినేషను, అనగా పాస్టరు అభిషేకము వస్తుంది, దాని తరువాతనే ఆర్డ్‌నెన్సు. మేము అభిషేకము వరకు చదివి ఆగిపోయినవారము. క్రింద ఇంకొక మాట ఉన్నదని మాకు తెలియదు.

ఆ తండ్రి వచ్చి అడిగినప్పుడు మేమన్న మాట ఇది. "పేరు తప్పు పడిందంట."

ఎవరు తప్పు వ్రాసినారో ఆ మాటలో లేదు. తెలుగు భాషలో ఈ సౌకర్యము ఉన్నది, పాత్ర పగిలింది అంటాము, పగలగొట్టినాను అనము. ఆ తండ్రి కుమారుని వైపు చూచి, "పేరు గూడా సరిగ్గా రాసుకోలేకపోయినావు గదరా" అన్నాడు. ఆ తమ్ముడు మా వైపు ఒకసారి చూచి తలవంచుకున్నాడు. మేము నోరు తెరువలేదు. అప్పుడే తెరచి ఉంటే పని అయిపోయేది. రేపు చెప్పుదము అనుకున్నాము. ఆ రేపు ఇరవై రెండేండ్లు అయినది.

ఆ తమ్ముడు కొన్నాళ్లు బెంగుళూరులో పనిచేసి, తరువాత మన ప్రాంతపు అనేకుల వలెనే కువైట్ వెళ్లినాడు, వెల్డింగు పని. రెండు మూడేండ్లకు ఒకసారి వస్తాడు. వచ్చిన ప్రతిసారి మందిరమునకు వస్తాడు, మాకు నమస్కారము చేస్తాడు. తండ్రి కొన్నేండ్ల క్రిందట ప్రభువు సన్నిధికి వెళ్లిపోయినాడు. భూస్థాపన ఆరాధన మేమే జరిపించినాము. ఎవరైనా సర్కారు ఉద్యోగము మాట ఎత్తితే ఆయన కడదాకా, "మా వోడు ఒక్క అక్షరం తప్పురాసి చెడిపోయినాడు" అనేవాడు. మేమున్నచోట కూడ అన్నాడు.

పోయిన క్రిస్మసుకు ఆ తమ్ముడు సెలవు మీద వచ్చినాడు. పెద్దాయన అరుగు మీద అడిగిన ప్రశ్న తరువాత కాదు, దానికి ముందే. అంత ధైర్యము మాకు ఎట్లు వచ్చినదో చెప్పలేము. మందిరములో కాగితపు నక్షత్రములు కట్టుచుండగా దగ్గరకు పిలిచి, ఆ ఐ అక్షరము పెట్టినది మేమేనని, నీ నాయన ముందు నిన్ను నిలబెట్టి మేము మౌనముగా ఉన్నామని చెప్పినాము.

దారము ముడివేయుచునే అన్నాడు. "తెలుసు గదయ్యగారూ. నేను చూస్తా ఉంటేనే గదా మీరు రాసింది."

"మరి నీ నాయనకు ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?"

"చెప్తే మా నాయన ఊరుకొనే మనిషా? మీ దగ్గరికి కాయితాలు రాయించుకొనేదానికి మనిషిని రానిచ్చేవాడు గాదు. ఇంకెవురుండారు మనకు అప్పుడు?" కొంచెముసేపు ఆగి, "మీరు చెప్తారనుకున్నా. మా నాయన పోయిన రోజు గూడా అనుకున్నా" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆరాధన ముగిసిన తరువాత ఆయన కుమార్తె వచ్చినది. మెకానికల్ డిప్లొమా చదివిన పిల్ల. ఒక ఆయుధ కర్మాగారములో అప్రెంటిసుకు ఫోనులోనే దరఖాస్తు పెట్టుచున్నది. ఇప్పుడు డ్రాఫ్టు లేదు, కవరు లేదు. అయినా ఫోను కూడ ఈ తప్పు పట్టదు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే గనుక ఎర్రగీత గీయదు. ఆ పిల్ల ఫోను మా చేతికిచ్చి, "నాన్న మీకు చూపించి రమ్మన్నాడయ్యగారూ. రాయొద్దు, చదివితే చాలన్నాడు" అన్నది.

కళ్లద్దాలు పెట్టుకొని చదివినాము. ఓ, ఆర్, డి. ఆ తరువాత ఎన్.